తైపింగ్‌లో తాగిన నీళ్ళు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే, ఒకదాన్ని సీసాలో పట్టి తీసుకురండి, పరీక్ష చేసి చెబుతాను అనేవాణ్ణి. నేను నల్గొండలో నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో అసిస్టెంటుగా పనిచేసి రిటైరైన మనిషిని. కంటికి కనిపించే రంగును తప్ప దేన్నీ నమ్మే అలవాటు లేదు. ఇప్పుడు రాసేది కూడా నేను చూసింది, విన్నది మాత్రమే.

మాకు పిల్లలు లేరు. నా భార్య సుజాత ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి, తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు నాతో పాటే రిటైరైంది. ఆమెకు ఆయాసం ఉంది. నల్గొండ ఎండాకాలం, దుమ్ము ఆమెకు పడవు. ఆమె తమ్ముడు మలేసియాలో చిన్న హోటల్ నడుపుతాడు. ఇక్కడే వానలు పడే చల్లని ఊరు చూసుకోండి, మిగిలిన రోజులు హాయిగా గడుస్తాయి అని పోరుపెట్టాడు. ముందు ఒకసారి వెళ్ళి ఊళ్ళు చూసివద్దామని బయలుదేరాం.

నేనొక నోటుబుక్కు పెట్టాను. ఆస్పత్రి ఎంత దూరం, నడవడానికి చదునైన బాట ఉందా, దొంగల భయం ఉందా, మన బియ్యం దొరుకుతుందా, ఇలా ప్రతి ఊరికీ ఒక పేజీ. అన్నిటికన్నా పైన నీళ్ళు అని రాసి కింద గీత గీశాను. రిటైరైన రోజు మా ఆఫీసువాళ్ళు శాలువాతో పాటు సరదాకి ఒక పరీక్ష పెట్టె కూడా ఇచ్చారు. దాన్ని బట్టల మధ్య సర్దుకుని తీసుకెళ్ళాను. నీళ్ళలో అందులోని మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు నిలవాలి. పసుపుకు తిరిగిందంటే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు వంగిపోతాయని మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"నన్ను చూడ వచ్చినప్పుడు గూడ గింత పరీక్ష చెయ్యలే నువ్వు" అని సుజాత దారి పొడుగునా ఆటపట్టించింది.

మొదట చూసిన రేవు పట్నంలో ఉక్కపోత. తర్వాత చూసిన కొండమీది ఊరు చల్లగానే ఉంది కానీ, అక్కడి ఎత్తుపల్లాలు మా మోకాళ్ళకు ఒప్పవు. మూడోది తైపింగ్. చుట్టూ కొండలు, మధ్యలో చెరువు, చెరువు చుట్టూ చదునైన బాట, దాదాపు రోజూ వాన. సుజాత అక్కడ మూడు రోజులు మందు పీల్చకుండా నడిచింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అంత తేలికగా ఊపిరి తీసుకోవడం నేను చూడలేదు. చెరువుకు దగ్గర్లో ఒక ఇల్లు కుదిరింది. ఇంటావిడ పెద్దవయసు చైనా మనిషి. వంటింటి నల్లా నీళ్ళు పట్టి చుక్కలు వేశాను. చక్కటి గులాబీ రంగు. మర్నాడు కిరాయి కాగితాల మీద సంతకం పెట్టాలనుకున్నాం.

ఆ మధ్యాహ్నం సుజాత ఇంటావిడతో కలిసి దగ్గర్లోని ఆస్పత్రి చూడటానికి వెళ్ళింది. మూడు గంటలు కావస్తోంది. మబ్బు పట్టింది కానీ వెలుతురు బాగానే ఉంది. నేను వరండాలో కూర్చుని నోటుబుక్కులో ఆ పేజీ నింపుతున్నాను. గేటు తెరిచిన చప్పుడైంది.

ఒక ముసలావిడ లోపలికి వచ్చింది. వెలిసిన ఆకుపచ్చ చీర, చేతికర్ర, రెండో చేతిలో చెంబు. నడుము దగ్గర రెండుగా వంగిపోయి ఉంది. ముఖం నేలకేసి ఉండటంతో నాకు కనిపించలేదు. గేటు పక్కన మొక్కలకు పెట్టిన నల్లా దగ్గర ఆగింది.

"గీ నీళ్ళు తాగొచ్చునా సారూ?"

"తాగొచ్చమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ళు అదే మాట చెప్పిన నోరు, నేను ఆలోచించేలోపే అనేసింది. ఆమె చెంబు నింపుకుని, కర్ర గోడకు ఆనించి, నిదానంగా తాగి వెళ్ళిపోయింది. నేను ఏ దేశంలో కూర్చున్నానో గుర్తొచ్చేసరికి గేటు మూసి ఉంది. లేచి చూస్తే వీధి మలుపు దాకా ఎవరూ లేరు.

ఆ దేశంలో తెలుగువాళ్ళు లేకపోలేదు. తోటల్లో పనికని తాతల కాలంలో వెళ్ళినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకామె అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ 'గీ', ఆ 'సారూ' మా దిక్కువి. పైగా ఆ ప్రశ్న నేను ఒకప్పుడు విన్నదే.

ఊరి పేరు రాయను. నల్గొండకు పడమట గొర్రెలు కాసుకునేవాళ్ళ పల్లె. చాలా ఏళ్ళ కింద, నడి ఎండాకాలంలో, అక్కడి మూడు బోర్ల నీళ్ళు పట్టడానికి వెళ్ళాను. మూడో బోరు ఊరి చివర, గొర్రెల దొడ్ల అవతల ఉంది. బస్సు వేళైంది. నేను రెండో బోరు దగ్గరే రెండు సీసాలు నింపి, ఒకదానిమీద మూడో బోరు చీటీ అంటించాను. ఆఫీసులో ఇలాంటివాటిని కవల సీసాలు అని నవ్వుకునేవాళ్ళం. ఎండ ముదిరితే అందరి సంచుల్లోనూ ఒకటో రెండో ఉండేవి. వారం తర్వాత ఫలితాలు చదవడానికి ఆ ఊరు మళ్ళీ వెళ్ళాను. మూడో బోరు పక్కింటామె, ఎల్లమ్మ, నాకు గ్లాసు నిండా చల్ల ఇచ్చి, "మా ఇంటికాడి బోరు నీళ్ళు తాగొచ్చునా సారూ?" అని అడిగింది. తాగొచ్చమ్మా అన్నాను. అప్పటిదాకా ఆమె రెండో బోరు దాకా నడిచి నీళ్ళు తెచ్చుకునేది. ఆనాటి నుంచి ఇంటిపక్క నీళ్ళే తాగింది.

పదకొండేళ్ళ తర్వాత ఆఫీసులో కొత్తగా చేరినతను మూడో బోరును మళ్ళీ పరీక్షిస్తే పసుపు రంగు వచ్చింది. ఎందుకిలా అని అందరూ తలలు పట్టుకుంటే, నీళ్ళు లోతుకు పోయి మారి ఉంటాయని చెప్పింది నేనే. అందరూ తలలూపారు, బోరు మూయించారు. ఆ తర్వాత ఒకసారి ఎల్లమ్మను దవాఖాన వరసలో చూశాను. నడుము వంగిపోయి ఉంది. నేను ఇంకో ద్వారం గుండా బయటికి వచ్చేశాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నా బతుకులో చేయలేదు.

సుజాతకు ఇందులో ఒక్క ముక్క కూడా ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఆ సాయంత్రం ఆమె తిరిగొచ్చి చెప్పిన మాటకు నేను ఈనాటికీ ఏదీ సర్దిచెప్పుకోలేకపోతున్నాను.

చెప్పులు విప్పుతూనే ఆమె అన్నది: "మన దిక్కు ముసలామె ఒకామె ఎదురైంది. నడుం మొత్తం వంగిపోయింది. ఏ ఊరమ్మా అని అడిగితే, సారు తాగొచ్చన్నడు బిడ్డా, తాగిన అని పోయింది. గసొంటి నడుములు మన దవాఖానల చూసిన గని, ఈడ చూస్తననుకోలే."

బయట వాన మొదలైంది. అప్పుడు చెప్పాను, అంతా. సుజాత జల్లుకు తడుస్తున్న చెప్పులను లోపలికి జరిపింది. వచ్చి కూర్చుని, "గా నడుములకు గోలీలిచ్చి పంపింది నేను. ఇంటికొచ్చి నీకు చెప్పుకొని ఏడ్చిన గూడ. నువ్వు ఇనుకుంట కూసున్నవ్" అన్నది. నాకు తల ఎత్తడానికి ముఖం లేకపోయింది. మర్నాడు కాగితాల మీద సంతకం పెట్టలేదు. "ఫస్టు పోయి ఎల్లమ్మకు చెప్పు" అని ఒక్కటే మాట అన్నది. సుజాత తమ్ముడు ఆ వీధిలో ఇల్లిల్లూ అడిగాడు. అక్కడ తెలుగు ముసలమ్మ ఎవరూ లేరన్నారు.

తిరిగొచ్చిన వారంలోనే ఆ పల్లెకు పోయాం. ఎల్లమ్మ బతికే ఉంది. మూడేళ్ళుగా మంచం దిగలేదని కోడలు చెప్పింది. పక్కకు తిరిగి ముడుచుకుని పడుకుని ఉంది. నేను మంచం పక్కన నేలమీద కూర్చుని, సీసా సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నాకెరుకే సారూ" అన్నది. "నీళ్ళకొచ్చి ఆడనే ఉంటి గద. రెండు సీసలు గా బోరు కాడనే నింపినవ్, నేను చూసిన."

మరి ఎందుకు తాగావమ్మా అని అడిగాను.

"సదువుకున్నోనివి. నీకు చూడకుంటనే ఎరుకైతదేమో అనుకున్న."

తిట్టినా బాగుండేది. నేను ఏడ్చాను. సుజాత ఆమె కాళ్ళు పట్టుకుని నెమ్మదిగా చాపుతూ కూర్చుంది. కోడలు మాకు చల్ల తెచ్చి ఇచ్చింది. దాన్ని తాగలేకపోయాను, కింద పెట్టడానికీ మనసొప్పలేదు.

మేము మలేసియా వెళ్ళిన సంగతి ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో మేం ఆ మాటే ఎత్తలేదు. ఇది సుజాతను మళ్ళీ మళ్ళీ అడిగి నిర్ధారించుకున్నాను. లేచి గుమ్మం దాకా వచ్చాక ఎల్లమ్మ వెనక నుంచి పిలిచింది.

"గా వానలూరి నీళ్ళు మంచిగనే ఉన్నయ్ సారూ. గీసారి నిజమే చెప్పినవ్."

ఇది జరిగి రెండేళ్ళయింది. మేము ఎక్కడికీ పోలేదు. ఎండాకాలంలో సుజాత ఆయాసపడుతూనే ఉంది, అదీ నా లెక్కలోదే. పదిహేను రోజులకోసారి ఆ పల్లెకు వెళ్తాం. సుజాత ఎల్లమ్మకు వేడినీళ్ళ కాపడం పెడుతుంది. నేను ఆ ఇంటి నల్లా నీళ్ళు పట్టి, ఆమెకు కనపడేలా మంచం దగ్గరే చుక్కలు వేస్తాను. మంచం దిగని మనిషి అక్కడికి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఎన్నిసార్లు అడుగుదామనుకున్నా నోరు రాలేదు. అడిగేది ఎప్పుడూ ఆమే. తాగొచ్చునా సారూ అంటుంది. రంగు తేలేదాకా నేను బదులు చెప్పను.