పెరుగన్నం వేళకు స్వీడిష్ పాట

ఇర్వింగ్‌లో ఉన్న రోజుల్లో శనివారాలంటే నాకు ఒళ్లుమంట. ఎవరో ఒకరింట్లో పాట్‌లక్ ఉండేది, తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడం. భోజనాలు ముగింపుకొచ్చేసరికి, "మీరు పాడతారట కదా, ఒకటి అందుకోండి" అనేవారు. కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకున్నదాన్ని, గొంతు సవరించుకుని మొదలుపెట్టేదాన్ని. పల్లవి దాటకముందే మగవాళ్లు గ్రీన్‌కార్డు డేట్ల మీద పడేవారు, ఆడవాళ్లు పెరుగు గిన్నె వెతికేవారు. పాట ఆగిందని తెలియగానే అందరూ చప్పట్లు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే నయం, వాడు చప్పట్లు కొట్టడు.

నాది మా ఆయన ఉద్యోగం మీద వచ్చిన హెచ్-ఫోర్ వీసా, నేను ఉద్యోగం చేయకూడదు. వారమంతా అపార్ట్‌మెంట్‌లో నోరు మూసుకుని ఉండే మనిషికి, దొరికే ఆ ఒక్క పాటనూ ఎవరూ వినకపోతే ఎంత మండుతుందో మా ఆయనకు చెప్పి చూశాను. "అడుగుతున్నారుగా, ఇంకేం కావాలి?" అన్నాడు.

అలాంటప్పుడే లైబ్రరీలో ఒక సీడీ దొరికింది. ఎప్పుడో డెబ్బైల చివర్లో స్వీడన్‌లో నలుగురు ఆడవాళ్లు కట్టిన బ్యాండ్. మరుగున పడ్డ వీళ్లను తానే వెలికితీశానని ఎవడో మహానుభావుడు సీడీతో ఇచ్చిన పుస్తకం నిండా రాసుకున్నాడు. ఆడవాళ్ల పేర్లు చివర్లో చీమల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. వీళ్లేమన్నా నేలమాళిగలో దాక్కున్నారా? గొంతు చించుకుని అరుస్తుంటే ఎవరూ వినలేదు, అంతే.

పాట పెట్టాను. గిటారు రంపంలా కోస్తోంది. పాడే ఆవిడకు శ్రుతి పట్టింపు లేదు, ఎవరి మెప్పూ అక్కర్లేదు. మా గురువుగారు వింటే చెవులు మూసుకునేవారు. నాకు మాత్రం కడుపు నిండింది. అర్థం తెలియకుండానే తమిళ కీర్తనలు నేర్చుకున్నదాన్ని, స్వీడిష్ ఒక లెక్కా? వంట చేస్తూ వల్లె వేశాను.

ఆ శనివారం ఒక రిటైరైన డాక్టరుగారింట్లో భోజనాలు. పెద్దాయనే అడిగారు, "ఏదీ, మంచి కీర్తన ఒకటి పాడమ్మా." తొడ మీద తాళం వేస్తూ స్వీడిష్ పాట అందుకున్నాను, గొంతు ఎంత లేస్తే అంత. వీసాల కబుర్లు ఆగాయి. పెరుగు వడ్డిస్తున్నావిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరిదాకా ఒక్కరూ కదల్లేదు. చప్పట్లూ లేవు.

"ఇదేం పాటమ్మా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నారు పెద్దాయన.

"మీరందరూ విన్న పాటండీ," అన్నాను.

కారులో మా ఆయన స్టీరింగ్ మీద గుద్దాడు. "పరువు తీశావ్! మళ్లీ వాళ్లింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"చివరిదాకా విన్నావా, లేదా?"

"వినక చస్తానా?"

ఆ తర్వాత ఏ ఇంట్లోనూ నన్ను పాడమనలేదు. పీడా వదిలిందనుకోవాలి. అనుకోలేకపోయాను, పాటంటే నాకు ప్రాణం. కొన్నాళ్లకు ఇంకో పాట్‌లక్‌లో, అప్పుడే పెళ్లయి వచ్చిన అమ్మాయిని పాడమన్నారు. ఆ పిల్ల కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. మా ఆయన వెంటనే పక్కవాడి వైపు తిరిగి, "మీ ఆఫీస్‌లో లేఆఫ్స్ ఉన్నాయట కదా?" అన్నాడు.

"నోరు ముయ్యి, ఆ పిల్ల పాడుతోంది," అన్నాను, గది మొత్తానికీ వినబడేలా.