వంటిల్లు ఆఖరున విప్పుతానన్న మామ

ఏప్రిల్ నుంచి ఈ బ్లాగులో ఒక్క ముక్క రాయలేదు. అసలు బతికే ఉన్నావా అని ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. ఉన్నాను, ఏదో ఉన్నాను. ఈ ఎండాకాలమంతా ఆఫీసువాళ్లు సాఫ్ట్‌వేర్ రిలీజు, రిలీజు అంటూ శనాదివారాలు కూడా తినేశారు. దొరికిన నాలుగు సెలవుల్లో పెదనాన్న కొడుకు పెళ్లికి కరీంనగర్, చెల్లెలిని చూడ్డానికి వరంగల్, టీం వాళ్లు వదలకపోతే నాగార్జునసాగర్ వెళ్లొచ్చాను. సాగర్‌లో ఏం చూశావంటే బస్సులో బాగా నిద్రపోయానని తప్ప ఏమీ చెప్పలేను. ఒళ్లు హూనమైందంతే. రాయాలనిపించిన ప్రయాణం ఒక్కటే. మోతీనగర్‌లోని నా గది నుంచి ఫిల్మ్‌నగర్‌కు, అంతా కలిపి ఏడెనిమిది కిలోమీటర్లు.

మా మేనత్త సిద్దిపేటలో ఉంటుంది. ఆమె భర్త, అంటే మా మామ, సినిమా సెట్లు కట్టే వడ్రంగి. రహమత్ నగర్‌లో ఒక చిన్న గది కిరాయికి తీసుకుని, షూటింగులు లేనప్పుడు ఇంటికి పోతూ ముప్పై ఏళ్లు ఇదే పని చేశాడు. ఆయన కట్టిన సెట్టు అత్తమ్మ ఒక్కటీ చూడలేదు. "సినిమాల చూద్దామంటే హీరో వీపే కనవడ్తది బిడ్డా, ఎనకున్న గోడ కనవడదు" అంటుంది. ఇప్పుడు మోకాళ్లు సహకరించక మామ పని మానేస్తున్నాడు. ఆయన ఆఖరి సెట్టు ఒక పెద్ద ఇల్లు. అందులో వంటిల్లు మాత్రం అత్తమ్మ ఎప్పటినుంచో కావాలనుకున్నట్టే కట్టానని ఫోన్లో చెప్పాడట. దాన్ని విప్పేలోగా ఆమె చూడాలి. నేను తీసుకొస్తానని మార్చిలో గొప్పగా మాటిచ్చాను.

మాటిచ్చి మూడుసార్లు వాయిదా వేశాను. చివరికి మామే ఫోన్ చేశాడు. "శనివారం గుమ్మడికాయ కొడ్తరట. జర ముందే తీస్కరా" అన్నాడు. షూటింగ్ పూర్తయిన రోజు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి పగలగొడతారు. ఇక ఆ సినిమాకు సెట్టుతో పని లేదు. నేనేమో మా ఆఫీసు లెక్క వేసుకున్నాను. మా దగ్గర పదో తారీకు అన్నారంటే నెలాఖరు అని అర్థం. శనివారమంటే ఎలాగూ వచ్చే శనివారం దాకా జరుగుతుందిలే అనుకుని, తీరిగ్గా శనివారం సాయంత్రానికి అత్తమ్మను రమ్మన్నాను. స్టూడియో షెడ్డుకు రోజువారీ కిరాయి కట్టేవాళ్లు మాలా తారీకులు జరపరని నాకెందుకు తట్టలేదో తెలియదు. అత్తమ్మ యాభై అయిదు రూపాయల టికెట్టుతో జూబ్లీ బస్టాండులో దిగి, నాతో కలిసి మోతీనగర్ చేరేసరికి మామ ఫోన్. "గుమ్మడికాయ కొట్టిండ్రు. రేపు పొద్దుగాల విప్పుతం. తొమ్మిదింటికల్లా రాండ్రి. వంటిల్లు ఆఖరుకు విప్పుత."

ఆదివారం ఎనిమిదిన్నరకే డెబ్బై రూపాయలకు ఆటో మాట్లాడాను. బోరబండ, రహమత్ నగర్ మీదుగా యూసుఫ్‌గూడ వచ్చి, కృష్ణానగర్ దాటి చెక్‌పోస్టు మిట్ట ఎక్కితే ఫిల్మ్‌నగర్ ఎంతో దూరం కాదు. ఆదివారం పొద్దున అరగంట చాలు. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, మామకు సకినాలు డబ్బాలో పెట్టుకుని కూర్చుంది. యూసుఫ్‌గూడ దగ్గర నా సెల్లు మోగింది. అమెరికాలో శనివారం రాత్రి, మా రిలీజు నడుస్తోంది. ఎక్కడో ఆగిపోయిందట. ఆటో శబ్దానికి ఏమీ వినపడక పక్కకు ఆపించాను. అయిదు నిమిషాలన్నాను. తొమ్మిదయింది, తొమ్మిదిన్నరయింది. హోటలు ముందు అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతూనే ఉన్నాను.

"ఏంది అన్నా, గింతసేపా? ఆదివారం గిరాకీ అంతా పాయె" అని డ్రైవరు గొణిగాడు. అత్తమ్మ ఒక్కసారి తల బయటపెట్టి, "పోదమా బిడ్డా?" అంది. నేను వేలు చూపించాను, ఒక్క నిమిషమని. ఛీ, ఆ వేలు గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది. పదీ నలభైకి, ఇక లాభం లేదు, రిలీజు వచ్చే వారానికి వాయిదా అన్నారు. డ్రైవరుకు ఇంకో నలభై ఇస్తానన్నాను.

అప్పటికి రోడ్డు మీద రద్దీ పెరిగింది. పదకొండూ పదికి స్టూడియో గేటు దగ్గర దిగాం. లోపలి మనిషి వచ్చి పేరు చెబితే తప్ప వాచ్‌మన్ వదలడు. మామ కుంటుతూ వచ్చి తీసుకెళ్లాడు. పెద్ద రేకుల షెడ్డు, లోపల ఉక్కపోత. చెక్కలు ఒక పక్క, ప్లైవుడ్ పలకలు ఒక పక్క పేర్చి ఉన్నాయి. లారీలోకి ఎక్కిస్తున్నారు. ఇల్లనేది ఎక్కడా లేదు. వంటింటి గోడ రంగు వేసిన వైపు నేలకు ఆని పడుంది.

"పదకొండింటిదాక ఆపిన. లారీ ఆయన లొల్లి వెట్టిండు. ఇగ ఎట్ల ఆపాలె?" అన్నాడు మామ. మొహం వాడిపోయి ఉంది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"నాకే పొద్దున కడుపుల నొచ్చింది. జరసేపు పండుకున్న. పిలగాడు ఏం జేస్తడు?"

"నీకు ఇయ్యాల్నే నొయ్యాల్నా?" మామ అందరి ముందూ అరిచాడు. "ముప్పై ఏండ్లకు ఒక్కనాడు రమ్మంటె గింత ఆల్సెమా?"

ఆమె తలవంచుకుని నిలబడింది. అది నా తప్పని చెప్పడానికి రెండు మాటలు చాలు. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ చెప్పలేదు.

కొంచెంసేపటికి అత్తమ్మే అడిగింది, "పొయ్యి గట్టు ఎంత ఎత్తున వెట్టినవ్?" మామ ఖాళీ నేల మీద నిలబడి, నడుము దగ్గర చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. ఆమె వెళ్లి ఆ చెయ్యి పక్కన నిలబడి చూసుకుంది. "నాకు సరిపోతుండె" అంది. తర్వాత కృష్ణానగర్‌లో ఒక మెస్సులో ముప్పై రూపాయల భోజనం ముగ్గురం తిన్నాం. పప్పు బాగుందన్నారు వాళ్లు.

ఈ ఎండాకాలం ఏం చేశావని అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఊళ్ల పేర్లున్నాయి. వెళ్లాల్సిన చోటికి మాత్రం పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. మీలో ఎవరికైనా తెలిసినవాళ్ల ద్వారా సెట్టు చూసే వీలుంటే షూటింగ్ నడుస్తున్నప్పుడే వెళ్లండి. ఆఖరు రోజు దాకా ఆగకండి, ఆ పూటకు సెల్లు ఆపేయండి.

సోమవారం సాయంత్రం ఉండబట్టలేక మామకు ఫోన్ చేశాను. "మామా, అత్తమ్మకు ఏ నొప్పీ లేకుండె. ఫోన్ మాట్లాడుకుంట నేనే ఆపిన" అన్నాను.

"నాకెర్కే బిడ్డా. ఆమె నొప్పొచ్చినా చెప్పే మనిషి గాదు."

"మల్ల ఆమెనెందుకు తిట్టినవ్?"

"ఆమెను తిట్టకపోతే, తప్పు నీదని నాకెర్కైనట్టు అందరి ముంగట నీకు తెలుస్తుండె గద" అన్నాడు మామ.