అక్క మొహం చెప్పిన మాట

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డంపడి ఉంది. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పుడూ లేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మా అక్కకు పుట్టు చెవుడు. అనంతపురంలో బధిరుల బడికి కొన్నాళ్లు వెళ్లింది. అక్షరాలు అబ్బలేదు గానీ సైగల భాష బాగా పట్టుబడింది. అప్పట్లో ఊళ్లో అది తెలిసినవాణ్ని, అక్క దగ్గరే నేర్చుకున్న నేనొక్కణ్నే. అందరూ చేతులే చూస్తారు, ఆ భాషలో సగం మొహంలో ఉంటుంది. అక్క అరచేతులు చాపితే నేల. బుగ్గలు ఉబ్బించి చాపితే విశాలమైన నేల. బుగ్గలు లోపలికి పీల్చి, కళ్లు చికిలించి చాపితే పనికిమాలిన చిన్న ముక్క. చేతులు మాత్రం అవే.

నాయన పోయాక భూమి పంచడానికి పెద్దమనుషులు మా అరుగు మీద కూర్చున్నారు. బోరు కింద నేలంతా నాకు, నీళ్లు లేని గుండ్రాళ్ల మిట్ట అక్కకు అన్నారు. అక్క తనను చూపించుకుని, బుగ్గలు పీల్చి, నేల అంది. నన్ను చూపించి, బుగ్గలు ఉబ్బించి, నేల అంది. ఇదేం న్యాయమని అడుగుతోంది.

"ఏమప్పా, మీ యక్క ఏమంటాండాది?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"నాకూ నేల, తమ్మునికీ నేల, సరిపాయ అంటాండాది మామా."

"మరి ఆ మొగం యాల అట్ల పెడతాండాది?"

"అది అలవాటు మామా, ఊరికే."

అందరూ నవ్వారు. ఆ నవ్వు చూసి, తన మాట తోసేశారనుకుని అక్క వేలిముద్ర వేసింది.

చేతులు చెప్పిందే చెప్పాను కదా, అబద్ధమేముంది? చాలా ఏళ్లు ఇలాగే సర్దిచెప్పుకున్నాను. ఛీ, సిగ్గులేని మాట. "సరిపాయ" అని ఆమె చేతులూ అనలేదు, అది నేను కలిపింది. మొహం వదిలేస్తే ఆమె మాట ఏమైపోతుందో ఆ అరుగు మీద తెలిసినవాణ్ని నేనొక్కణ్నే, అయినా వదిలేశాను. నాకు బోరు కావాలి. అంతే.

వాన పడితే అక్క ఆ మిట్ట మీద నాలుగు కందులు చల్లుతుంది, పడకపోతే రాప్తాడు వైపు కూలికి పోతుంది. ఆ పెద్దాయన ఎదురైతే మొహం తిప్పుకుంటుంది. నా మీద మాత్రం కోపం లేదు. మొన్న, తన దగ్గర సైగలు నేర్చిన నా కూతురికి చెప్పింది, మీ నాయన నా తరఫున అడిగాడు, ఊరే వినలేదు అని. నేను పక్కనే ఉన్నాను. నా చేతులు లేవలేదు.

ఇది రాసినంత మాత్రాన ఆమె నేల ఆమెకు రాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. మాట బయటికొచ్చింది, ఊపిరి కాస్త ఆడుతోంది. ఊరు వినలేదని అక్క నమ్ముతోంది. ఊరికి నేను చెప్పనే లేదు.