జిరాయితీలో కౌజుపిట్ట గూడు

తిత్లీ తుఫాను తరువాతి ఎండాకాలంలో నన్ను ఉద్దానం తీరానికి ఫారెస్టు సెక్షన్ ఆఫీసరుగా వేశారు. రేంజరుకు కింద, బీటు గార్డులకు పైన ఉండే ఉద్యోగం అది. అప్పటికి పడిపోయిన జీడితోటల్లో మోకాలెత్తు గడ్డి లేచింది. ఆ గడ్డిలోకి కౌజుపిట్టలు చేరాయి.

కౌజుకు రెక్కలున్నా నేలే ఇల్లు. తరిమితే పరుగెడుతుంది, మరీ మీదికొస్తేనే ఎగురుతుంది. గడ్డి మొదట్లో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. పొద్దునా సాయంత్రమూ కాళ్ళతో మట్టి గీరి చెదలు, గడ్డిగింజలు ఏరుకుంటుంది.

భావనపాడు వైపు ఒక ఊళ్ళో పెద్ద రైతు, మాజీ సర్పంచి, తాను కొత్తగా నాటిన జీడిపిక్కల్ని ఈ పిట్టలే పెకలిస్తున్నాయని పక్కనున్న గడ్డి తగలబెట్టబోయాడు. వెళ్ళి ఆపాను.

"ఇది మా జిరాయితీ మేడమ్. గడ్డి మాది, అగ్గిపెట్టి మాది. మీకేటి పని?" అన్నాడు.

ఆయన అన్నది నిజమే. సొంత భూమిలో గడ్డి మీద మా శాఖకు అధికారం లేదు. గూటి మీద, గుడ్ల మీద ఉంది. గార్డుతో కలిసి వెతికి, గుడ్లున్న గూడొకటి చూపించి, ఇది కాలితే కేసు తప్పదన్నాను. బదిలీ చేయిస్తానన్నాడు. ఉత్తర్వు వచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నాను.

కంచె పక్కన ఎవరో పెట్టిన ఉచ్చులో చచ్చిన పిట్ట ఒకటి దొరికింది. పంచనామా అయ్యాక పశువైద్యుడు ఊరివాళ్ళ ముందే దాని గొంతు కింది మేతసంచి కోశాడు. నిండా చెదలు, లేత జీడిమొక్కల వేళ్ళు కొరికే చెదలే. వాటి మధ్య నాలుగు ఉలవలు. మాజీ సర్పంచి వెంటనే అందుకున్నాడు.

"సూసినారా, మా ఉలవలు తినేసినాది."

చెదలు ఏరినందుకు కూలి అనుకోమన్నాను. జనం నవ్వారు, ఆయన నవ్వలేదు. పక్కనున్న ఆయన తల్లి మాత్రం, "పిల్లలు ఎల్లిపోనీరా, అప్పుడు కాల్సుకుందువు" అంది.

గుడ్లు పగిలి, పిల్లలు తల్లి వెంట కంచె దాటేదాకా ఆగాడు. మర్నాడే గడ్డి కాల్చేశాడు. కొన్నాళ్ళకు నా బదిలీ కూడా వచ్చింది. దాని మీద నాకిప్పటికీ కోపమే.

భూమి మన చేతిలో లేనప్పుడు ఏం చేస్తామని మా శాఖలో చాలామంది అంటారు. చేతిలో ఉన్నది గూడంత అధికారమే అయినా, దాన్ని పూర్తిగా వాడాలని నేను అక్కడ నేర్చుకున్నాను. గుడ్లుండగా ఆ గూడు కాలలేదు.