ఆంటీ దాటిన రోడ్డు

మా పై ఫ్లాట్‌లో ఉండే ఆంటీ గత గురువారం నిద్రలోనే కన్నుమూశారు. పొద్దున్నే ఆవిడ కూతురు కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి నాకు ఫోన్ చేసి, "అమ్మ ఫోన్ లిఫ్ట్ చేయట్లేదు, మీరు ఒకసారి చెక్ చేస్తారా?" అని అడిగింది. నా దగ్గరుండే తాళంచెవితో తలుపు తీశాను. వంటింట్లో ఫిల్టర్‌లో కాఫీపొడి వేసి సిద్ధంగా ఉంది. వేడినీళ్ళు పోయడమే మిగిలింది.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. మా నగరం మేయర్‌కి మాత్రం బాగా తెలుసు. ఎలా తెలుసో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆంటీది గుంటూరు. పెళ్ళయి అమెరికాలోని ఈ నగరానికి వచ్చి, ఇక్కడి గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మనవాళ్ళంతా పిల్లల చదువులనీ, పెద్ద ఇళ్ళనీ ఒక్కొక్కరే శివార్లకి తరలిపోయినా ఆవిడ కదల్లేదు. అంకుల్ పోయాక కూడా కదల్లేదు. నేను కొత్తగా కింద ఫ్లాట్‌లోకి దిగిన రోజు గిన్నెలో పెరుగు తోడు పట్టుకుని వచ్చి, నా పెట్టెల మధ్యే కూర్చుని, "శివార్లలో ఉప్పు ప్యాకెట్ కావాలన్నా కారు తీయాలి. ఇక్కడ బస్సెక్కితే లైబ్రరీ, బస్సు దిగితే కూరగాయలు. నేను మహారాణిని అమ్మాయ్" అన్నారు.

ఆ మహారాణికి అడ్డొచ్చింది ఒక్కటే, మా ముందున్న రోడ్డు. బస్‌స్టాప్ దానికి అవతల. బటన్ నొక్కితే సిగ్నల్ స్తంభం మీద నడిచే మనిషి బొమ్మ తెల్లగా వెలుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు సగం దాటేసరికి దాని చోట ఎర్రచెయ్యి వచ్చేస్తుంది. ఇక నడిమధ్య సన్నటి దిమ్మె మీద, ఇటూ అటూ ట్రక్కులు దూసుకుపోతుంటే సంచీ గుండెలకి హత్తుకుని నిలబడాలి. ఒకసారి ఏదో కారు అద్దం తగిలి ఆవిడ చేతిలో సంచీ ఎగిరిపోయింది. రోడ్డంతా టమాటాలు. ఆవిడకి ఏమీ కాలేదు కానీ, సంగతి తెలిసి కూతురు తెగేసి చెప్పింది. "ఇంక చాలమ్మా. ఇంకోసారి ఇలా అయితే నువ్వు డబ్లిన్ వచ్చేస్తున్నావ్, దట్స్ ఇట్."

ఫోన్ పెట్టేసి ఆంటీ నాతో, "నేను నడవలేక కాదు, వీళ్ళు నడవనివ్వక. ఒక్క సిగ్నల్ కోసం ఊరు వదులుకుంటానా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఎన్నికలు వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా ఉన్న మేయర్ ఈసారి పోటీ చేయనన్నారు. కుర్చీ ఖాళీ అనేసరికి, నిలబడనివాళ్ళదే తప్పన్నట్టు జనం నిలబడ్డారు. రోజూ ఎవరో ఒకరు ప్రచారానికి తలుపు కొట్టేవారు. ఆంటీకి ఒక పద్ధతి ఉండేది. ఎవరి తరఫున వచ్చినా కూర్చోబెట్టి స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చేవారు. వాళ్ళిచ్చిన కాగితం మాత్రం చదివేవారు కాదు. "మీ అభ్యర్థిని ఒకసారి వచ్చి నాతో ఈ రోడ్డు దాటమనండి. ఓటు సంగతి తర్వాత మాట్లాడదాం" అనేవారు. వాళ్ళు నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు. అభ్యర్థి మాత్రం ఒక్కరూ రాలేదు.

ఇంతలో శివార్లలో ఉన్న మనవాళ్ళు ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో సభ పెట్టి, స్కూల్ బోర్డులో పనిచేసి మేయర్ పదవికి నిలబడినావిడని పిలిచారు. మనం ఎవరిని పిలిచినా చేసేదే అక్కడా చేశాం. బొకే ఇచ్చాం, శాలువా కప్పాం, సెల్ఫీలకి వరసకట్టాం. మైకు దొరికిన ప్రతివాళ్ళూ "మన సిటీకి కాబోయే మేయర్" అన్నారు. వెనక బిర్యానీ చల్లారిపోతోంది. ఆవిడ పొంగిపోయి, "నాకు ఓటేసేవాళ్ళు చేతులెత్తండి" అంటే హాలంతా చేతులే.

అప్పుడు నా పక్కనుంచి ఆంటీ లేచారు. క్లాసులో అల్లరి ఆపిన గొంతు, మైకు అక్కర్లేదు. "సిటీ లిమిట్స్‌లో ఉండేవాళ్ళు మాత్రమే చేతులు ఉంచండి" అన్నారు ఇంగ్లీషులో. హాలంతా చేతులు దిగిపోయాయి. మాస్టర్స్ చేస్తున్న స్టూడెంట్లవీ, నాదీ, ఆంటీదీ మిగిలాయి. "ఇప్పుడు సిటిజన్స్ మాత్రమే" అన్నారు. మావీ దిగిపోయాయి. స్టూడెంట్లది ఎఫ్-వన్ వీసా, నాది ఎప్పటికీ కదలని గ్రీన్‌కార్డ్ క్యూ. ఓటున్నవాళ్ళది ఈ ఊరు కాదు, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఓటు లేదు. అంత హాల్లో ఆంటీ చెయ్యి ఒక్కటే పైకి ఉంది.

సభ పెట్టిన పెద్దమనిషి మొహం చూడాలి మీరు. నా వెనక కూర్చున్న కరీంనగర్ అమ్మాయి నవ్వాపుకుంటూ, "అక్కా, ఇప్పుడు శాలువా వాపస్ తీసుకుంటరా ఏంది?" అంది.

"మేడమ్, ఈ హాల్లో మీకు దొరికేది నా ఒక్క ఓటే. వచ్చి సంపాదించుకోండి" అన్నారు ఆంటీ. ఆ అభ్యర్థి గట్టిగా నవ్వేసింది. ఆ వారమే నిజంగా వచ్చింది కూడా.

నేనూ వాళ్ళ వెంట ఉన్నాను. ఆవిడ సిగ్నల్ బటన్‌ని టకటకా నొక్కుతుంటే ఆంటీ ఆపి, "బటన్‌కి ఒకసారి చెబితే చాలు. మనుషులకే మళ్ళీ మళ్ళీ చెప్పాలి" అన్నారు. ఆంటీ నడకతో బయల్దేరితే, దిమ్మె దగ్గరికి చేరేసరికి ఎర్రచెయ్యి పడింది. ఒక ట్రక్కు హారన్‌కి ఆవిడ ఉలిక్కిపడి ఆంటీ మోచెయ్యి పట్టుకుంది. "నన్ను కాదు, సిగ్నల్‌ని పట్టుకోండి" అన్నారు ఆంటీ.

మొదటి విడతలో ఎవరికీ సగం ఓట్లు రాలేదు. చివరి పోటీకి ఆవిడా, ఒక వ్యాపారస్తుడూ మిగిలారు. ఆవిడ వచ్చి వెళ్ళిందని తెలిసి ఆయనా వచ్చాడు. మంచి మనిషే. ఎర్రచెయ్యి పడగానే రోడ్డుకి అడ్డంగా నిలబడి, చెయ్యెత్తి కార్లు ఆపి, ఆంటీని దర్జాగా దాటించాడు. ఆయన మనుషులు వీడియో తీసుకున్నారు. ఆయనకీ కాఫీ ఇచ్చి పంపించాక ఆంటీ నావైపు తిరిగి, "బాగానే దాటించాడు. రేపు మళ్ళీ వస్తాడా?" అన్నారు.

ముందస్తు పోలింగ్ లైబ్రరీలో పెట్టారు. కార్లో దింపుతానంటే ఆంటీ వినలేదు. ఆ రోడ్డు దాటి, ఆ బస్సే ఎక్కి వెళ్ళాం. లోపలినుంచి వచ్చి, ఓటేసినవాళ్ళకిచ్చే స్టిక్కర్‌ని నా కోటుకి అతికించి, "ఇన్నేళ్ళుగా టాక్స్ కడుతున్నావు. నీదీ నాదీ కలిపి వేశాను" అన్నారు. ఎవరికి వేశారంటే, "పరీక్ష పేపర్ పక్కవాళ్ళకి చూపిస్తామా?" అని కసిరారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఈ దేశంలో అంతకుముందు నన్నెవరూ అలా లెక్కలోకి తీసుకోలేదు.

స్కూల్ బోర్డు ఆవిడే గెలిచింది. నేను స్వీట్లు తీసుకెళ్తే ఆంటీ ఒకటి తిని, "ఆవిడ గెలిచింది సరే. మనం ఇంకా దాటలేదుగా" అన్నారు. ఆ తర్వాత ప్రతి సోమవారం కాఫీ తాగి మేయర్ ఆఫీసుకి ఫోన్ చేసేవారు. "గుడ్ మార్నింగ్. మా రోడ్డు ఇంకా అలాగే ఉంది" అని పెట్టేసేవారు. కోప్పడటం లేదు, బతిమాలటం లేదు. హోంవర్క్ తేని పిల్లల్ని అడిగినట్టు అడిగేవారు, అంతే. కొన్నాళ్ళకి అవతలివాళ్ళే ఆవిడ గొంతు గుర్తుపట్టి, మోకాళ్ళెలా ఉన్నాయని అడగడం మొదలుపెట్టారు. "ఇదంతా జరిగే పనేనా ఆంటీ?" అని నేను విసుక్కుంటే, "జరక్క ఎక్కడికి పోతుంది?" అనేవారు. డబ్లిన్‌కి రమ్మని కూతురు ఒత్తిడి చేసినప్పుడల్లా అదే ధీమా. "ఆగవే, పని నడుస్తోంది."

పోయిన నెల సిటీవాళ్ళు వచ్చి సిగ్నల్ సమయం పెంచారు. ఆంటీ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని కిందికి దిగారు. బటన్ ఒక్కసారే నొక్కారు. మధ్యలో ఆగకుండా, పరుగెత్తకుండా అవతలికి చేరి, వెనక్కి తిరిగి చూసి, "పద, మళ్ళీ దాటుదాం" అన్నారు. ఏ పనీ లేకుండా ఆ మధ్యాహ్నమంతా ఇటూ అటూ దాటుతూనే ఉన్నాం. ఆవిడ ఊరు ఆవిడకి దక్కింది. దక్కించుకుని, ఆ ఊళ్ళోనే, తన మంచం మీదే వెళ్ళిపోయారు. నేను దుఃఖపడుతున్నాను, కానీ ఆవిడని తలుచుకుంటే నాకు ధైర్యమే వస్తోంది.

అంత్యక్రియలయ్యాక కూతురు నన్ను అడిగింది. "ఆ రోజు అమ్మ కాల్ చేసి, 'దాటేశానే, దాటేశానే' అని ఒకటే నవ్వు. నేను మీటింగ్‌లో ఉండి, లేటర్ మాట్లాడతా అన్నాను. ఆ రోడ్ నాకు చూపిస్తారా?"

ఇద్దరం కిందికి వెళ్ళి బటన్ నొక్కాం. ఆమె చకచకా నడిచి వెళ్ళిపోయింది. నేను ఆంటీతో నడిచిన అలవాటు కొద్దీ మెల్లగా నడిచాను. అవతలికి చేరి ఇద్దరం వెనక్కి తిరిగాం. మేము చూసుకోలేదు, మా వెనకే వాకర్ పట్టుకుని ఒక ముసలాయన వస్తున్నాడు. ఆయన దిమ్మె దగ్గర ఆగలేదు, సిగ్నల్ వైపు చూడనూ లేదు. కార్లన్నీ నిలబడి ఉన్నాయి. తెల్లబొమ్మ ఇంకా వెలుగుతూనే ఉంది.