గోడ లోపలి అద్దెవాళ్ళు

నా భార్య ఈ నెల మొదట్లో విజయవాడలో, ఒక ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో చనిపోయింది. ఈ కాలేజీ పత్రిక చదివే మీలో చాలామందికి ఆవిడ జువాలజీ మేడం. అంత్యక్రియలకి రాలేకపోయినవాళ్ళు ఏం జరిగిందని అడుగుతున్నారు. అందుకే రాస్తున్నాను.

జీర్ణవ్యవస్థ పాఠం ఆవిడ ఎలా మొదలుపెట్టేదో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటి నుంచి గిన్నెలో పెరుగు తెచ్చి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూపించేది. "వీళ్ళు అద్దెవాళ్ళు. మన పేగుల్లోనూ ఇలాంటివాళ్ళు కోట్లమంది ఉంటారు. గోడ గట్టిగా ఉన్నంతకాలం మంచివాళ్ళే" అనేది. బస్సులో ఆ గిన్నెని ఒళ్ళో పెట్టుకునేది కాదు, రెండు చేతులతో పట్టుకుని కూర్చునేది. పేరుకున్న పెరుగుని ఎవరైనా కదిపితే ఆవిడకి కోపం.

పోయిన నెలలో ఒకరోజు పూజగదిలో దీపం ఆవిడ చీర కొంగుకి అంటుకుంది. నేను దుప్పటి తెచ్చి కప్పేసరికి వీపూ, రెండు కాళ్ళూ కాలిపోయాయి.

నేను చర్మం గురించే భయపడ్డాను. ఆసుపత్రిలో డాక్టరు గారు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. "ఇంత పెద్దగా కాలితే పేగులకి రక్తం తగ్గిపోతుందండి. లోపలి గోడ దెబ్బతింటుంది. అక్కడి బ్యాక్టీరియా, వాటి విషాలు రక్తంలోకి దాటితే ఒళ్ళంతా ఇన్‌ఫ్లమేషన్ ఇంకా పెరుగుతుంది. గోడ నిలబడాలంటే పేగు పనిచేస్తూ ఉండాలి" అన్నారు. ముక్కులోంచి ట్యూబు వేసి వెంటనే ఆహారం మొదలుపెట్టారు.

ఉయ్యూరు నుంచి వచ్చిన మా వదిన, అంటే ఆవిడ అక్క, ఒప్పుకోలేదు.

"ఒళ్ళు ఇంతగా కాలితే కడుపులో పోస్తారేంటండీ? పొట్టకి కాస్త విశ్రాంతి ఇవ్వద్దూ?"

మంచం మీద నుంచి సన్నగా గొంతు వినిపించింది. "నువ్వూరుకో అక్కా. ఖాళీగా కూర్చోబెడితే గోడ కూలిపోద్ది. ఇది నా సిలబస్."

ఇక అందరం ఆ పొట్టనే కనిపెట్టుకుని ఉన్నాం. ఉబ్బితే పేగు పని ఆగినట్టు, ఉబ్బకపోతే ఆ రోజు గట్టెక్కినట్టే. కొన్నాళ్ళు ఉబ్బలేదు.

సాయంత్రం నన్ను లోపలికి పంపితే ఆవిడ అడిగేది ఒకటే.

"తిన్నారా?"

"తిన్నాను."

"ఏం తిన్నారు?"

"ఇడ్లీ."

"చట్నీ ఏంటి?"

"అల్లం... కాదు, కొబ్బరి."

"అబద్ధం కూడా సరిగ్గా చెప్పలేరు. వెళ్ళి తినండి. కడుపు మాడ్చుకోకండి. ఇంట్లో కాలినవాళ్ళు ఒకరు చాలు."

నర్సు నవ్వాపుకోలేక అటు తిరిగింది.

తర్వాత పొట్ట ఉబ్బింది. ట్యూబులో పోసింది దిగలేదు. జ్వరం, ఆయాసం. "అద్దెవాళ్ళు గోడ దూకారా?" అని డాక్టరు గారిని అడిగింది. "చూస్తున్నామమ్మా" అన్నారాయన. ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు.

రక్తంలో ఇన్ఫెక్షన్ వల్ల పోయింది. అది పేగుల్లోంచి వచ్చిందా, గాయాల్లోంచి వచ్చిందా అని అడిగాను. కచ్చితంగా చెప్పలేమన్నారు. ఆవిడైతే ఆ జవాబుకి పూర్తి మార్కులు వేసేది.

ఇంటికొచ్చేసరికి ఫ్రిజ్‌లో పెరుగు పాడైపోయి ఉంది. భవానీపురంలో మా పక్కింటావిడ చిన్న గ్లాసులో తోడు తెచ్చిచ్చింది. "ఇది మేడం గారు ఇచ్చిన తోడేనండి. ఎప్పటి నుంచో మా ఇంట్లో అదే నడుస్తోంది" అంది. గోరువెచ్చని పాలల్లో వేసి మూత పెట్టాను.

పొద్దున మూత తీసి చూస్తే పేరుకుని ఉంది. గిన్నెని గట్టు మీద నుంచి తీయలేదు. అక్కడే నిలబడి, ఒక పక్క నుంచి చెంచాతో తిన్నాను. మిగతాది కదలకుండా ఉంది.