గాలం కర్రకి ఆముదం

బుధవారం నాది. వారానికి ఏడు రోజులని క్యాలెండర్ చెబుతుంది గానీ, వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా పనిచేసేవాడికి ఉండేవి రోజులు కావు, షిఫ్టులు. వాటి మధ్య నాకు మిగిలిన రోజు బుధవారం ఒక్కటే. క్రైస్ట్‌చర్చ్‌లో మా ఆశ్రమానికి రోస్టర్ వేసే మేనేజరమ్మ దానిమీద కూడా కన్నేసింది. "నెలాఖరులోగా చెబితే చాలు. నువ్వు కాదంటే ఇంకొకర్ని చూసుకుంటాను" అంది. మర్యాదగానే అంది. ఇక్కడ ఏదైనా మర్యాదగానే అడుగుతారు. అందుకే కాదనడానికి నోరు రాదు.

చదువుకోడానికని ఈ దేశం వచ్చి పదహారేళ్లయింది. వలస ఒక్కసారే వచ్చాను, అలసట మాత్రం రోజూ వస్తోంది.

బుధవారాలు నేను ఏటి ఒడ్డున గడుపుతాను. ట్రౌట్ చేపలు పట్టడానికని ఇంట్లో చెబుతాను. నాలుగేళ్లలో పట్టినవాటికి నా రెండు చేతుల వేళ్లు ఎక్కువే. ట్రౌట్‌ని ఇక్కడ అమ్మకూడదు, కొనకూడదు. తినాలంటే లైసెన్సు తీసుకుని ఎవరిది వాళ్లు పట్టుకోవాల్సిందే. పట్టుకొచ్చినా అది పులుసుకి పనికిరాదని మా ఆవిడ తీర్పు. ఆవిడ హాస్పిటల్లో నర్సు. ఆవిడ తీర్పుల మీద అప్పీలుండదు.

ఈ వేటలో వానపాముని గుచ్చి కూర్చోవడం ఉండదు. ఈకలతో, దారంతో చేసిన ఉత్తుత్తి పురుగుని గాలానికి కట్టి నీళ్లమీద వాలేలా విసరాలి. పురుగుకి బరువుండదు కాబట్టి బరువంతా తాడుదే. కర్రని వెనక్కి ఊపి, తాడు వెనకాల తిన్నగా సాగాక ముందుకి ఊపాలి. నా కార్బన్ కర్ర మహా చురుకు. అరక్షణం కూడా ఆగనివ్వదు, కొరడాలా ఝళిపించమంటుంది. ఝళిపించడానికి భుజం కావాలి. ఆశ్రమంలో పెద్దవాళ్లని ఎత్తడానికి యంత్రముంది గానీ, అది గది దాకా వచ్చేలోపే వాళ్లు లేవబోతారు. అప్పుడు యంత్రం నా కుడి భుజమే. ఈ వేసవి మొదలయ్యేసరికి ఆ యంత్రం మొరాయించింది.

"ఏవండీ, చెయ్యి పైకి లేవట్లేదు, ఇంక ఏటికెళ్లి ఏం చేస్తారు? ఆ బుధవారమేదో షిఫ్టుకెళ్తే పోలా?" అంది మా ఆవిడ.

"షిఫ్టులో మాత్రం చెయ్యెత్తక్కర్లేదా?"

"ఎత్తితే జీతమిస్తారు కదండీ. చేపలేమిస్తాయి?"

చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికొచ్చాం. నెలాఖరులోగా భుజం నొప్పి పుట్టించని కర్ర దొరికితే బుధవారం నాది. దొరక్కపోతే మేనేజరమ్మది.

వెదురు కర్ర వాడి చూడమని ఏటి దగ్గర ఒకాయన ఎప్పుడో అన్నాడు. అది నెమ్మదిగా వంగుతుందట, మనిషిని తొందరపెట్టదట. కొత్తవాటి ధరలు చూస్తే, కారమ్మి కర్ర కొనుక్కుని ఏటికి నడిచి వెళ్లాల్సి వచ్చేలా ఉంది. చవకవి వాడినవాళ్లు వద్దని దణ్ణం పెట్టారు. వారం రోజులు వెదురు కోసం ఎదురుచూశాక పాత సామాన్ల సైటులో ఒక ప్రకటన కనబడింది: 'వెదురు కర్ర. పాతది. కొస విరిగితే అతికించాను, మూడంగుళాలు పొట్టి. వాడేవాళ్లకే.' ధర మా ఇంటి వారం సరుకులపాటి. నేనూ ఉండాల్సినదానికంటే మూడంగుళాలు పొట్టే కాబట్టి అభిమానం పుట్టుకొచ్చింది.

అయినా అలవాటు ఊరుకోదు కదా. 'లాస్ట్ ప్రైస్ ఎంత?' అని మెసేజ్ పెట్టాను.

'మొదటిదే' అని జవాబొచ్చింది.

బుధవారం పొద్దున్న కొండలవైపు గంటసేపు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. గొర్రెల మేత పొలాల మధ్య ఒక రేకుల షెడ్డు, దాని ముందు ఎనభై దాటిన పెద్దాయన, ఆయనకంటే ముసలి కుక్క. "హలో అంకుల్" అన్నాను. తన వెనకాల ఎవరున్నారా అని ఆయన తిరిగి చూశాడు.

డబ్బు ఊసెత్తలేదు. కర్రకి తాడు ఎక్కించి, గాలానికి బదులు చిన్న ఊలు ముక్క కట్టి, గడ్డిమీద విసిరి చూపించమన్నాడు. విసిరాను. తాడు నా చెవులమీద పడింది.

"వెనక్కి చూడు. తాడు సాగేదాకా ముందుకి రాకు" అన్నాడు.

"ఎంతసేపు ఆగాలి?"

"అదే చెబుతుంది. ఎక్కడికా తొందర?"

"పనికి."

"ఇవాళ సెలవన్నావు?"

"అలవాటు" అన్నాను.

మూడోసారికి కర్ర నిజంగానే చెప్పింది. వెనక్కి వంగి ఒక్క ఊపిరిసేపు ఆగింది, నా చేతిని కూడా ఆపింది, తర్వాత తనే ముందుకి తీసుకెళ్లింది. భుజానికి ఈ సంగతి తెలియనే లేదు.

"రెండు బుధవారాలు ఏటికి తీసుకెళ్లు. నప్పితే డబ్బు తెచ్చివ్వు, నప్పకపోతే కర్ర తెచ్చివ్వు. వాడాక పొడిగుడ్డతో తుడిచి, ఆరాక సంచిలో పెట్టు. ఇంకేం చెయ్యకు" అన్నాడు పెద్దాయన.

మొదటి బుధవారం మధ్యాహ్నం దాకా విసిరినా భుజం కిక్కురుమనలేదు. చేపా పడలేదు, వాటికీ ఆరోజు సెలవేమో. ఒడ్డున రాళ్లమీద కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ, చాలాకాలానికి నా గురించి నేను ఏమీ ఆలోచించలేదు.

ఇంటికొచ్చాక ఆ కర్రమీద ప్రేమ ముంచుకొచ్చింది. అసలు తప్పంతా అక్కడే జరిగింది. చిన్నప్పుడు మా ఊళ్లో కర్రసాము నేర్చుకునేవాళ్లు వెదురు కర్రకి ఆముదం పట్టించి ఎండకి పెట్టేవాళ్లు. పట్టించనివాడికి కర్ర పట్టుకునే అర్హతే లేదన్నట్టు చూసేవాళ్లు. వెదురు గురించి ఈ పెద్దాయనకేం తెలుసు, మనది వెదురు పుట్టిన దేశం అనుకున్నాను. ఇండియన్ షాపులో కొన్న ఆముదం సీసా బాత్రూములో ఉంది. ఆదివారం షిఫ్టు అయ్యాక పెరట్లో కుర్చీ వేసుకుని, కర్ర రెండు ముక్కలకీ, వాటిని కలిపే లోహపు జాయింటుకీ కూడా పక్షపాతం లేకుండా మర్దనా చేశాను.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. "డాడ్, యూ నెవర్ గేవ్ మీ ఎ మసాజ్ లైక్ దట్" అంది.

"నీకు నూనె రాస్తే పారిపోతావు. ఇది పారిపోదు."

రెండో బుధవారం అది పారిపోయింది. మూడో విసురుకే కర్రలో పై సగం జాయింటులోంచి జారి, తాడు వెంట సర్రున వెళ్లి ఏట్లో పడింది. మోకాళ్ల లోతు నీళ్లలో దిగి పట్టుకున్నాను. ఆ సీజన్లో నా మొదటి వేట అదే. తుడిచి బిగించాను. మళ్లీ జారింది. ఇంకోసారి గట్టిగా బిగించాను. ఇంకోసారి జారింది. ఈలోపు కర్ర నిండా జిడ్డు, జిడ్డు నిండా విల్లో చెట్లనుంచి రాలిన దూది. చేతిలో ఉన్నది గాలం కర్రో, బూజు కర్రో తెలియలేదు.

రాళ్లమీద కూలబడ్డాను. జేబులో ఫోను మోగింది. మేనేజరమ్మ మెసేజ్: 'బుధవారం సంగతి ఈరోజు చెప్పగలవా, ప్లీజ్?'

సరేనని టైపు చేయబోయాను. ఒకరకంగా అదే సుఖమనిపించింది. కానీ కర్ర నాది కాదు, ముందు దాన్ని అప్పగించాలి. ఫోను జేబులో పెట్టి షెడ్డుకి బయల్దేరాను.

పెద్దాయన సంచి విప్పి, కర్రని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"ఇదేంటి మేట్?"

"ఆముదం. మావైపు వెదురుకి పట్టిస్తారు."

"నిండు వెదురుకి పట్టించుకో. ఇది ఆరు బద్దలు చీల్చి, జిగురుతో అతికించి, వార్నిష్ వేసింది. నూనె దిగడానికి చోటేదీ? ఇంకేం చెయ్యకు అన్నానా?"

"అన్నారు."

"మరి?"

"ఏమీ చెయ్యకుండా ఉండటం నాకు చేతకాదు అంకుల్."

ఈసారి ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. గుడ్డముక్క ఒకటి నా చేతికిచ్చి, కింది సగం తుడవమన్నాడు. పై సగం, జాయింటు ఆయన తీసుకున్నాడు. షెడ్డులో పాత సోఫా కుర్చీ ఉంది. అందులో కూర్చుని తుడుస్తున్నాను. తుడుస్తున్నాననే అనుకుంటున్నాను.

కళ్లు తెరిచేసరికి తలుపులోంచి ఎండ ఏటవాలుగా లోపలికొచ్చేసింది. చేతిలో గుడ్డ ఉంది, కర్ర లేదు. అది సంచిలో, సంచి బల్లమీద ఉన్నాయి.

"గురక పెట్టావు. కుక్క బయటికి పోయింది" అన్నాడు పెద్దాయన.

"లేపొచ్చు కదా!"

"ఎందుకు? తుడవడం నీకంటే నాకే బాగా వచ్చు."

"కర్ర పోయినట్టేనా?"

"జాయింటు పట్టింది. వార్నిష్ గట్టిదే. నీలాంటివాళ్లు వస్తారని ఊహించే వేసుంటాడు, దీన్ని చేసినవాడు."

"అయితే నాకమ్ముతారా?"

"ఈ వాసనతో ఇంకెవరు కొంటారు? కానీ ఒక షరతు. ఆ సీసా తెచ్చి నాకిచ్చెయ్యి." గొంతు తగ్గించి అడిగాడు. "మోకాళ్లకి పనిచేస్తుందా అది?"

"వెదురుకంటే బాగా పనిచేస్తుంది" అన్నాను.

డబ్బిచ్చాను. మొదటి ధరే. కర్రని వెనక సీట్లో పడుకోబెట్టి, కార్లో కూర్చుని మేనేజరమ్మకి జవాబు రాశాను. మొదట భుజం గురించి, ఇంటి గురించి, ఆవిడ మంచితనం గురించి నాలుగు వాక్యాలు వచ్చాయి. చెరిపేశాను. 'బుధవారాలు కుదరదు' అని రాశాను. చివర 'సారీ' చేర్చాను. ఒక్కరోజులో అంతకంటే మారలేను.

పంపించాక మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, ఏం పట్టారు?"

"ఏమీ పట్టలేదు."

"మరి ఇంతసేపూ ఏం చేశారు?"

"నిద్రపోయాను."

పులుసు మాట, షిఫ్టు మాట రెండూ వస్తాయనుకున్నాను.

"సరే," అంది, "తొందరేం లేదు. మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ రండి."